బొమ్మ రైలుకీ ఒక తేదీ ఉంటుంది

మా తమ్ముడు హాంబర్గ్ నించి ఫోన్ చేసి, "అక్కా, నువ్వొకసారి మన స్టేషనుకి వెళ్ళి, పెరట్లో తులసికోట ఎత్తు ఎంతుందో టేపు పెట్టి కొలిచి చెప్పాలి" అన్నప్పుడు, నిజం చెప్పొద్దూ, చలిదేశంలో ఉండి ఉండి వీడికేమైనా అయిందేమోనని భయం వేసింది.

మన స్టేషను అంటే మా సొంతమేమీ కాదు లెండి. నాన్నగారు స్టేషను మాస్టరుగా పదకొండేళ్ళు పనిచేసిన ఓ చిన్న ఊరి స్టేషను. మా చిన్నతనమంతా అక్కడి రైల్వే క్వార్టర్సులోనే గడిచింది. పెద్ద బళ్ళు మా వైపు చూడనైనా చూడకుండా దుమ్ము రేపుకుంటూ పోయేవి. పాసింజర్లు మాత్రం దయతలచి ఆగేవి. అక్కణ్ణించి వచ్చేసి పాతికేళ్ళు దాటింది. అమ్మ పోయి ఆరేళ్ళు. ఇప్పుడు ఆ తులసికోట కొలతతో వీడికేం పని?

పని ఉంది. వాడు ఆ స్టేషన్ని కడుతున్నాడు. తన అపార్ట్‌మెంటు అడుగున, పనికిరాని సామాను పడేసుకునే గదిలో, మూడు మీటర్ల బల్ల మీద, పట్టాలతో, ప్లాట్‌ఫారంతో, రావిచెట్టుతో సహా. అసలు దాంట్లో 87వ వంతు సైజులో.

"వదినా, పిండి జల్లెడ పోయింది. టీ వడగట్టేది పోయింది. ఏమయ్యాయంటే కంకర జల్లిస్తున్నానంటారు" అని మా మరదలు ఫోన్లో వాపోయింది. ఆ సంగతి ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. 2023 వేసవిలో నేను వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. రాతిపొడిని మూడు రకాలుగా జల్లించి, చెంచాతో పట్టాల మధ్య పోసి, కుంచెతో సర్ది, నీళ్ళు కలిపిన జిగురు సిరాబుడ్డి గొట్టంతో చుక్క చుక్కగా వేస్తున్నాడు. ఆ జిగురునీళ్ళలో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు కలపాలట. కలపకపోతే నీళ్ళు ముత్యంలా నిలబడి రాళ్ళని పక్కకి నెట్టేస్తాయట. ఇదే తెలివి వంటింట్లో చూపిస్తే ఎంత బాగుండునో అనుకున్నాం మేమిద్దరం.

నేను బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని. ఇంట్లో ఫ్యూజు పోతే పక్కింటాయన్ని పిలిచే రకం. కాని వాడితో నాలుగు వారాలుండి, వాడి పుస్తకాలు తిరగేసి, వాడు తీసుకెళ్ళిన చోట్లన్నీ చూశాక, ఈ బొమ్మ రైళ్ళకి ఉన్న చరిత్ర నేను రాసిన ఏ నవల కన్నా రసవత్తరంగా ఉందని ఒప్పుకోక తప్పలేదు. అంతేకాదు, ఆ చరిత్ర మొదట్లోనే ఒక ఆడమనిషి నిలబడి ఉంది. అది తెలిశాక మరీ ఆసక్తి పుట్టింది.

అసలు రైళ్ళు వచ్చిన కొత్తల్లోనే బొమ్మ రైళ్ళూ వచ్చాయి. ఇంగ్లండులో ఇత్తడితో చేసిన చిన్న ఆవిరి ఇంజన్లు ఉండేవి. పట్టాలూ గిట్టాలూ లేవు. స్పిరిట్ దీపం వెలిగించి నేల మీద వదిలితే, పొగలు కక్కుతూ, దారి పొడుగునా నీళ్ళు కార్చుకుంటూ పోయేవి. అందుకే వాటికి జొల్లు కార్చేవని ముద్దుపేరు. తివాచీలు తడిసి, అప్పుడప్పుడు కాలి, ఇంటి ఇల్లాళ్ళు ఎన్ని తిట్లు తిట్టుకున్నారో చరిత్రకారులు రాయలేదు. రాయరు కూడా.

ఇక జర్మనీలో గోపింగెన్ అనే ఊళ్ళో థియోడర్ మార్క్‌లిన్ అనే రేకుపనివాడు 1859లో ఆడపిల్లల లక్కపిడతల్లాంటివి, అంటే బొమ్మ వంటిల్లు, అందులో గిన్నెలు, పొయ్యి, గరిటెలు, చెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన భార్య కారొలీన్ ఆ సరుకు పెట్టెలో సర్దుకుని దక్షిణ జర్మనీ, స్విట్జర్లండు ఊళ్ళు తిరిగి షాపులవాళ్ళకి చూపించి ఆర్డర్లు తెచ్చేది. ఏ కాలంలో అనుకుంటున్నారు! మన దేశంలో రైలు వచ్చి పట్టుమని పదేళ్ళు కాలేదు. ఆడది ఒంటరిగా బండెక్కి వ్యాపారానికి వెళ్ళడం అక్కడా విడ్డూరమే. 1866లో భర్త ప్రమాదంలో పోయాడు. ఆవిడ దుకాణం మూసి పుట్టింటికి పోలేదు. పిల్లల్ని పెంచుకుంటూ, కంపెనీని ఇరవై ఏళ్ళ పైచిలుకు నిలబెట్టి, 1888లో కొడుకుల చేతిలో పెట్టింది.

ఆ కొడుకులు 1891లో లైప్‌జిగ్ సంతలో ఓ బొమ్మ రైలు ప్రదర్శించారు. కీ ఇస్తే ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న పట్టాల మీద తిరుగుతుంది. అంతకు ముందు బొమ్మ రైళ్ళు లేవా అంటే ఉన్నాయి. కాని ఒకరి బండి ఇంకొకరి పట్టా మీద ఎక్కదు. వీళ్ళు పట్టాల వెడల్పుకి 1, 2, 3 అని నంబర్లు పెట్టేశారు. ఈ పుట్టినరోజుకి ఇంజనూ రెండు పెట్టెలూ కొనిస్తే, క్రిస్మసుకి నాలుగు ముక్కల పట్టా, వచ్చే ఏడు స్టేషను, ఆ పై ఏడు వంతెన. అన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ కిటుకు ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు? బొమ్మ వంటింటి నించే! ముందు పొయ్యి కొని, తరవాత గిన్నెలు కొని, ఆ తరవాత గరిటెలు కొనే ఆడపిల్లల ఆట నించి. ఇవాళ మగపిల్లల సొత్తుగా చెలామణి అవుతున్న ఆటకి వేరు ఆడపిల్లల లక్కపిడతల్లో ఉంది మరి.

ఆ మాట మా తమ్ముడితో అంటే వాడు నవ్వి, "మనింట్లో మాత్రం ఎక్కణ్ణించి వచ్చింది? అమ్మ బొమ్మల కొలువు నించే కదా" అన్నాడు.

నేను మర్చేపోయాను. సంక్రాంతికి అమ్మ కొలువు పెట్టేది. పై మెట్ల మీద దేవుళ్ళు, దశావతారాలు. కింది మెట్టు మీద కొండపల్లి ఏనుగు అంబారీ, శెట్టి, శెట్టెమ్మ. అన్నిటికన్నా కింద, నేల మీద, ఊరు. పళ్ళెంలో ఆవాలు మొలకెత్తించి పొలాలు చేసేది. అద్దం పడుకోబెట్టి చుట్టూ ఇసక పోసి చెరువు చేసేది. దాని చుట్టూ నాన్నగారు కొనితెచ్చిన కీ రైలు. నేను హాంబర్గ్‌లో షాపులో చూశాను కదా, చెరువు కోసం గట్టిపడే జిగురుద్రవం సీసాలు అమ్ముతున్నారు. గడ్డి కోసం పొట్లాలు అమ్ముతున్నారు. కరెంటుతో గడ్డిపోచల్ని నిటారుగా నిలబెట్టే యంత్రం కూడా ఉంది. అమ్మకి ఆవాలు చాలేవి.

అప్పుడు వీడికి ఎనిమిదేళ్ళు. కొలువు ముందు కూచుని, "అమ్మా, ఏనుగు కన్నా శెట్టి పెద్దగా ఉన్నాడేం?" అనడిగాడు. "డబ్బున్నవాడు కదు నాయనా, పెద్దగానే ఉంటాడు" అంది అమ్మ. వాడికి ఆ జవాబు నచ్చలేదు. ఇవాళ్టికీ నచ్చలేదని వాడి బల్ల చూస్తే తెలుస్తోంది.

ఎందుకంటే ఇప్పుడు వాడి ప్రాణమంతా కొలతల్లోనే ఉంది. 87వ వంతు అంటే ఎంతో నేను నా లెక్కలో చెబుతాను. అయిదడుగుల మూడంగుళాల నేను ఆ బల్ల మీద రెండు సెంటీమీటర్లు కూడా ఉండను. నా ఆరు గజాల చీర ఆరు సెంటీమీటర్ల పైన మూడు మిల్లీమీటర్లు. ఇప్పటి ఎర్ర పెట్టెలున్నాయే, ఎల్.హెచ్.బి. అంటారు, ఒక్కోటి 27 సెంటీమీటర్లు. ఇరవై రెండు పెట్టెల బండిని ఉన్నదున్నట్టు చెయ్యాలంటే ఆరు మీటర్లు కావాలి. గదే అంత లేదు. అంచేత ఆరు పెట్టెలతో సరిపెట్టాడు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆ సైజులో అమ్మే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది ఐరోపా, అమెరికా పట్టాల లెక్క. మన బ్రాడ్ గేజి వాటి కన్నా వెడల్పు, అయిదడుగుల ఆరంగుళాలు. లెక్క ప్రకారం మనకి 19 మిల్లీమీటర్ల పైన కావాలి. అందుకని మన పెట్టె ఆ పట్టా మీద నిలబడితే, ఎదిగిన కొడుకు చిన్నప్పటి చెప్పులు తొడుక్కున్నట్టుంటుంది. వాడికి ఆ విషయమై రాత్రుళ్ళు నిద్ర పట్టదు.

సరే, చరిత్రకి వద్దాం. న్యూయార్కులో జాషువా లయొనెల్ కొవెన్ అనే ఆయన 1900 ప్రాంతంలో షాపు అద్దాల బీరువాలో జనాన్ని ఆకర్షించడానికని కరెంటుతో తిరిగే చిన్న బండి చేశాడు. జనం లోపలి సరుకు వదిలేసి, ఆ బండే కావాలన్నారట. అదే లయొనెల్ కంపెనీ అయింది. లివర్‌పూల్లో మెకానో కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో రైళ్ళు మొదలుపెట్టాడు. 1935లో జర్మనీలో సగం సైజు రైళ్ళు వచ్చి, అప్పటిదాకా నేల మీద పాకిన ఆట బల్ల మీదికి ఎక్కింది. గ్వాలియర్ మహారాజా భోజనాల బల్ల మీద వెండి రైలు తిరిగి, చుట్టలూ బ్రాందీ అందించేదని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. అది బొమ్మ రైలు చరిత్రలోకి వస్తుందో మహారాజుల చరిత్రలోకి వస్తుందో మీరే చెప్పండి.

ఇక్కడ ఒక్క సంగతి గమనించారా? ఈ రైళ్ళన్నీ ఏ కాలంవి ఆ కాలంవే. 1891 బొమ్మ 1891 రైలులాగే ఉంది. 1935 బొమ్మ 1935 రైలులాగే ఉంది. పిల్లవాడు స్టేషనుకి వెళ్ళి ఏది చూశాడో, ఇంటికొచ్చి దాంతోనే ఆడుకున్నాడు. అంటే బొమ్మ రైలంటే ఇవాళ్టి రైలే. పాతది చేద్దామన్న ఊహ సామాన్యంగా ఎవరికీ వచ్చేది కాదు.

ఆ తరవాత ఆవిరి ఇంజన్లు పోయాయి. అమెరికాలో 1960 నాటికి దాదాపు పోయాయి, బ్రిటిష్ రైల్వేలో 1968లో, పశ్చిమ జర్మనీలో 1977లో. మన దగ్గర 1990ల దాకా కొనఊపిరితో ఉన్నాయి. ఆ పొగ చూస్తూ పెరిగిన పిల్లలు అప్పటికి ఉద్యోగస్తులయ్యారు. చేతిలో నాలుగు డబ్బులున్నాయి. బయట పోయిందాన్ని ఇంట్లో బల్ల మీద బతికించుకున్నారు. అప్పుడు తిరిగింది ఈ ఆట వెనక్కి. ఇవాళ్టికీ ఈ సరదా ఉన్నవాళ్ళలో చాలామంది బల్లల మీద కాలం 1950ల్లోనే ఆగిపోయి ఉంటుంది. ఐరోపాలో బొమ్మ పెట్టెల మీద యుగాల నంబర్లు కూడా వేస్తారు. ఒకటి నించి ఆరు దాకా. మనకి నాలుగు యుగాలే. బొమ్మ రైళ్ళకి ఆరు. ఆరో యుగమే ఇప్పటిది. మా తమ్ముడు ఆరో యుగం వాడు.

ఈ వెనక్కి తిరగడంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది రాయ్ ఇంగ్లండ్ కథ. ఇంటిపేరు ఇంగ్లండ్, పుట్టింది ఆస్ట్రేలియాలో. 1925లో ఇంగ్లండు వచ్చాడు. ఆక్స్‌ఫర్డుకి దగ్గర్లో తెల్లగుర్రం లోయ అనే ప్రాంతం చూసి మనసు పారేసుకున్నాడు. గడ్డి కప్పిన పాత ఇళ్ళు, తోటలు, పక్కనించి పోయే రైలు. కాని తను చూస్తుండగానే అవి మారిపోతున్నాయి. పై కప్పుల గడ్డి లాగేసి వేరేవి వేస్తున్నారు. ఆపడానికి తనెవరు? అంచేత ఒక్కో ఇంటినీ కొలుచుకుని, అట్టముక్కలతో నమూనాలు చెయ్యడం మొదలుపెట్టాడు. 1954లో లాంగ్ విటెన్‌హామ్ అనే పల్లెలో పెండన్ మ్యూజియం పెట్టాడు. 1995లో పోయేదాకా అదే పని. ఆయన మొదలుపెట్టినప్పుడు చేసింది పాతకాలం బొమ్మ కాదు, ఆ రోజు కళ్ళ ముందున్నదే. చేస్తూ చేస్తూ ఉండగా అదే చరిత్ర అయి కూచుంది. ఆయన వదిలిపెట్టిన పని ఇప్పటికీ అక్కడ స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు సాగిస్తున్నారు. ఒక్కో ఇంటికి నెలలూ సంవత్సరాలూ పడుతుందట.

అమెరికాలో జాన్ అలెన్ కథ దీనికి పూర్తిగా విరుద్ధం. కాలిఫోర్నియాలో మాంటెరేలో తన ఇంటి కింద నేల నించి కప్పు దాకా కొండలు, లోయలు, వంతెనలు కట్టాడు. బొమ్మ కొత్తగా నిగనిగలాడితే నిజం అనిపించదని, ఇంజన్లకి మసి, తుప్పు, దుమ్ము పూసే విద్య ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో ఆయనది పెద్ద పేరు. 1973 జనవరిలో గుండెపోటుతో పోయాడు. తరవాత పది రోజులకే ఇంట్లో నిప్పంటుకుని ఆ రైలురోడ్డు దాదాపు అంతా కాలిపోయింది. మనిషీ, మనిషి కట్టుకున్నదీ పది రోజుల తేడాలో. ఇది నేను నవలలో రాస్తే, అతిగా ఉందని ఎడిటరుగారు కొట్టేస్తారు.

ఆడవాళ్ళని ఈ ఆటలోకి రమ్మని పిలిచిన ముచ్చట కూడా ఒకటుంది. 1957లో లయొనెల్ కంపెనీవారు ఆడపిల్లల కోసమని ప్రత్యేకంగా రైలు చేశారు. ఎలా ఉందంటారా? ఇంజను గులాబీ రంగు! పెట్టెలు లేత నీలం, లేత పసుపు, లేత ఊదా. ఆడపిల్లలు ఒక్కసారి చూసి మొహం తిప్పేసుకున్నారు. రైలు కావాలన్న పిల్లకి నల్లటి నిజం రైలే కావాలి. అక్కర్లేని పిల్లకి గులాబీది మాత్రం ఎందుకు? సరుకు షాపుల్లో మిగిలిపోయింది. ఇవాళ అదే సెట్టు దొరికితే సేకరించేవాళ్ళు బోలెడు డబ్బు పోసి కొంటున్నారు. మనల్ని అర్థం చేసుకోలేకపోవడానికి కూడా కొన్నాళ్ళకి ధర పలుకుతుందన్నమాట.

ఇంకో మాట, మన ఇళ్ళల్లో ఇంటికొకరు చొప్పున ఉన్న సాఫ్ట్‌వేరు పిల్లల కోసం. అమెరికాలో ఎం.ఐ.టి.లో 1946లో విద్యార్థులు ఓ బొమ్మ రైలు క్లబ్బు పెట్టారు. కొందరు బల్ల పైన కొండలూ ఇళ్ళూ చేసుకుంటుంటే, ఇంకొందరు బల్ల కింద దూరి టెలిఫోను ఎక్స్‌చేంజి సామానుతో పట్టాలు మార్చే తీగల చిక్కు అల్లుతుండేవారు. 1950ల చివర్లో కాలేజీకి కంప్యూటరు వచ్చినప్పుడు ఈ బల్ల కింది కుర్రాళ్ళే రాత్రుళ్ళు వెళ్ళి దాని ముందు కూచున్నారు. ఇవాళ మనం పేపర్లో చదివి భయపడే హ్యాకింగ్ అన్న మాట ఉంది చూశారూ, దానికి ఇప్పటి అర్థం వచ్చింది ఆ క్లబ్బు కుర్రాళ్ళ వాడుక నించే. వాళ్ళ దృష్టిలో అది తిట్టు కాదు, మెప్పుదల.

ఇక హాంబర్గ్ సంగతి. పాత గోదాముల పేటలో మినియటూర్ వుండర్‌లాండ్ అని ఉంది. ఫ్రెడరిక్ బ్రౌన్, గెరిట్ బ్రౌన్ అని కవల అన్నదమ్ములు, అంతకు ముందు డాన్సు క్లబ్బు నడిపేవారు. 2000 సంవత్సరంలో ఒకాయన జ్యూరిక్‌లో బొమ్మ రైళ్ళ షాపులోకి వెళ్ళి, చిన్ననాటి పిచ్చి తిరగబెట్టి, తమ్ముడికి ఫోన్ చేశాడు. 2001 ఆగస్టులో తెరిచేశారు. పదహారు కిలోమీటర్లకు పైగా పట్టా, వెయ్యికి పైగా రైళ్ళు, రెండు లక్షల పైచిలుకు మనుషులు. పావుగంటకోసారి చీకటి పడి తెల్లవారుతుంది. 2011లో విమానాశ్రయం పెట్టారు. విమానాలు పరుగెత్తి, లేచి, మబ్బుల తెర వెనక్కి పోతాయి.

అక్కడ నేను నోరు తెరుచుకుని నిలబడ్డది విమానాల దగ్గర కాదు. ఆ ఊళ్ళో ఏటి ఒడ్డున ఎల్బ్‌ఫిల్‌హార్మనీ అనే పెద్ద సంగీతశాల ఉంది. కట్టడం ఏళ్ళ తరబడి సాగి, ఖర్చు ఆకాశానికంటి, ఊరంతా నవ్వుకునే దశకొచ్చింది. అది 2017 జనవరిలో తెరిచారు. కాని వుండర్‌లాండ్‌లో దాని బొమ్మ 2013లోనే తయారు! రెండుగా విడిపోయి, లోపల వాద్యబృందం కనిపిస్తుంది. అసలు దాంట్లో ఇంకా సిమెంటు పనులు జరుగుతుంటే, బొమ్మ దాంట్లో కచేరీ అయిపోతోంది. ఇవాళ్టి కాలాన్ని బొమ్మ కట్టేవాళ్ళకి ఇదే గండం. ఒక్కోసారి అసలు కన్నా ముందుకి పోతారు. ఎక్కువసార్లు వెనకబడిపోతారు. ఇంటికి రంగు ఆరేలోగా అసలు ఇంటికి రంగు మార్చేస్తారు. ఇంజను మీద నంబరు అతికించేలోగా ఆ ఇంజను తుక్కుకి పోతుంది.

పాతకాలం వాళ్ళకి ఈ బాధ లేదు. 1955లో స్టేషను అరుగు ఇలా ఉందంటే, కాదనేవాడు మిగిలుండాలిగా. ఇవాళ్టిదైతే దారినపోయే ప్రతివాడూ తప్పు పట్టేవాడే. పైగా ఇవాళ్టిలో అందం వెతుక్కోవాలి. అమెరికాలో లాన్స్ మైండ్‌హైమ్ అనే ఆయన మయామీ నగరంలో గోదాముల వెనక రైలుదారిని కట్టాడు. కొండలు లేవు, జలపాతాలు లేవు. ఇనప కంచె, సిమెంటు గోడ, ఎండిన గడ్డి, గోడ మీద వెలిసిన మరకలు. ఫోటో చూస్తే ఎండకి కళ్ళు చిట్లించాలనిపిస్తుంది. అక్కడి గూడ్సు పెట్టెల మీద ఆకతాయి కుర్రాళ్ళు రంగుల రాతలు రాస్తారు కదా, ఆ రాతలు కూడా ఇంతింత కాగితాల మీద అచ్చేసి అమ్ముతున్నారు, బొమ్మ పెట్టెల మీద అతికించుకోవడానికి. అసలు పెట్టెల మీద అవి చెడగొట్టడం అంటారు, బొమ్మ పెట్టెల మీద డబ్బిచ్చి మరీ కొనుక్కుని అంటించుకుంటారు!

మన దేశంలోనూ ఈ సరదా ఉంది. పుణేలో జోషీగారి చిన్న రైళ్ళ మ్యూజియం 1998 నించీ ఉంది. మన ఇంజన్ల నమూనాలు ఇప్పుడు ఇక్కడే తయారుచేస్తున్నారు కూడా. కాని ఇంట్లో ఒక బల్ల శాశ్వతంగా దీనికి వదిలెయ్యగల ఇల్లాలు ఎక్కడుంది? పప్పులు ఎక్కడ ఎండబెట్టుకోవాలి?

తమ్ముడి పని మొదలైన కొత్తల్లోనే ఇంట్లో తగాదా వచ్చింది. నాన్నగారు నా దగ్గరే ఉంటారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. స్టేషను కడుతున్నాడనగానే పొంగిపోయి, గుర్తున్నవన్నీ కాగితం మీద గీసిచ్చారు. రెక్క వాలే సిగ్నల్ స్తంభం, లీవర్ల గది, ఇంజనుకి నీళ్ళు పట్టే గొట్టం, టోకెన్ బంతిని తోలు సంచీలో పెట్టి పేము రింగుతో డ్రైవరుకి అందించే చోటు, అన్నీ ఉన్నాయందులో. పెరట్లో వేపచెట్టూ, దాని నీడ పడనిచోట అమ్మ వడియాలు పెట్టుకునే రాతిబండా గీశారు.

"అవేవీ ఇప్పుడు లేవు నాన్నగారూ. నేను ఇప్పుడున్నదే కడతాను" అన్నాడు వాడు.

"ఇప్పుడేముందిరా అక్కడ? కరెంటు తీగలు తప్ప?"

"ఆ తీగలే కడతాను."

నాన్నగారు ఫోన్ నా చేతికిచ్చేసి లోపలికి వెళ్ళిపోయారు. రెండు వారాలు వాడితో మాట్లాడలేదు. నాకూ వాడి మీద కోపం వచ్చింది. నిలదీస్తే వాడన్న మాట ఇది: "అక్కా, పదేళ్ళకే నన్ను హాస్టల్లో పడేశారు. మీ ఇద్దరికీ గుర్తున్నంత నాకు లేదు. గుర్తులేనిది గుర్తున్నట్టు కడితే దొంగతనంలా ఉంటుంది. ఇప్పుడున్నదైతే నువ్వు కొలిచి చెబితే అది నాది." పాత రోజుల నవలలు రాసి పేరు తెచ్చుకున్న నాకు ఆ మాట కాస్త గుచ్చుకుంది లెండి.

2023 నవంబరు 19, ఆదివారం. నేనూ నాన్నగారూ కారు మాట్లాడుకుని వెళ్ళాం. తేదీ ఎందుకు గుర్తంటే ఆ రోజు క్రికెట్ ప్రపంచకప్ ఫైనలు. స్టేషన్లో కాకి కూడా లేదు. టీ కొట్టు అబ్బాయి బిస్కట్ల సీసాకి ఫోన్ ఆనించుకుని మాచ్ చూస్తున్నాడు. డ్యూటీలో ఉన్న స్టేషను మాస్టరుగారి అనుమతి తీసుకున్నాం. నాన్నగారు ఫలానా అని తెలిసి కుర్చీ వేయించి టీ తెప్పించారు. నేను ప్లాట్‌ఫారం అరుగూ, బెంచీలూ, బోర్డూ కొలిచి ఫోటోలు తీసుకుని వెనక్కి వెళ్ళాను. మా క్వార్టర్సు లేదు. పునాది గట్టు మిగిలింది. అందులో సర్కారు తుమ్మ. వేపచెట్టు లేదు, రాతిబండ లేదు. తులసికోట మాత్రం ఒక పక్కకి ఒరిగి ఉంది. కరెక్టుగా రెండడుగులు.

నేనక్కడ కొలుస్తుండగానే ఏదో ఎక్స్‌ప్రెస్ ఆగకుండా పోయింది. తిరిగి వచ్చేసరికి నాన్నగారు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు.

ఆరు నెలల తరవాత ఓ రాత్రి తమ్ముడు వీడియోలో చూపించాడు. తీగలున్నాయి, సిమెంటు స్లీపర్లున్నాయి, ప్లాస్టిక్ కవరు తగులుకున్న కంచె ఉంది. టీ కొట్లో సీసాకి ఆనించిన ఫోన్ కూడా ఉంది, రెండు మిల్లీమీటర్లు లేదు. వెనక పునాది గట్టు, తుమ్మ, ఏడు మిల్లీమీటర్ల తులసికోట, పక్కకి ఒరిగి. నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూశారు. బండి వచ్చి, ఆగకుండా, పోయింది.

"మనిషేడిరా?" అన్నారు.

"ఏ మనిషి?"

"ఆగని బండి పోతుంటే ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా పట్టుకుని నిలబడాలి. ఆ రోజు నిలబడ్డాడు."

"అక్క పంపిన ఫోటోల్లో లేడు నాన్నగారూ."

"మీ అక్క పెరట్లో ఉంది. నేను చూశాను."

వాడింకేం మాట్లాడలేదు. మర్నాడు షాపుకి వెళ్ళి జర్మన్ స్టేషను మాస్టరు బొమ్మ తెచ్చాడట. వాళ్ళకి ఎర్రటోపీ, చేతిలో గుండ్రటి బిళ్ళ. బిళ్ళ చెక్కేసి, టోపీ గీకేసి, తెల్లబట్టలు వేసి, చేతిలో కాగితపు పచ్చజెండా అతికించి నాలుగో రోజు చూపించాడు.

నాన్నగారు ఫోను ముక్కుకి ఆనేంత దగ్గరికి తీసుకుని చూశారు.

"రెండో చేతిలో ఎర్రజెండా చుట్టి పట్టుకోవాలి. ఏదేనా తేడా కనిపిస్తే విప్పడానికి. అదీ?"

"నాన్నగారూ, చుట్టిన జెండా ఈ సైజులో అర మిల్లీమీటరు కూడా ఉండదు."

"ఎంతుంటే ఏం?"

ఆ రాత్రి మా మరదలు తన చీర అంచులోంచి ఎర్ర దారప్పోగు లాగి ఇచ్చిందట.